ఏడో రెక్క

పల్మీరా ఊరి చివర, చెరకు తోటల అంచున
ఒక రేకుల షెడ్డులో
పసిపిల్లల పుస్తకాలకు రెక్కలు అతికిస్తారు ఆడవాళ్ళు.
పుస్తకంలో ఒక ఇల్లు, ఇంటికి పది కిటికీలు.
ఒక్కో కిటికీ రెక్క ఎత్తితే ఒక్కో పిట్ట.
పదోది మాత్రం పిట్ట కాదు, పిల్లి.
అది లెక్కలోకి వస్తుందో రాదో
ఎవరూ అడగలేదు.

రెక్కాడితేగానీ డొక్కాడదని
మనమెప్పుడో అనేసి ఊరుకున్న మాట
అక్కడ అక్షరాలా నిజం.

నుబియా వంతు ఏడో రెక్క.
ఆరో రెక్క తన చేతికి అతికే వస్తుంది,
ఎనిమిదోది పక్క బల్ల మీద ఎల్వియా పని,
ఎడమ చెవి వినపడని ఎల్వియా.
పట్టకారుతో పసుపు పిట్ట,
జిగురు చుక్క,
రెండు క్షణాలు బొటనవేలు,
మడత. తోసెయ్.
రోజుకు వెయ్యిన్నీ రెండొందలు.
వేలంటే మనకు రెండర్థాలు,
ఆమెకు ఒకటే.

పుస్తకంలో మాటలు ఆమెకు రావు.
నెత్తిన చిన్న సున్నా మోసే అక్షరాలతో
ఏదో చలిదేశపు భాష.

మధ్యాహ్నం తోటలు తగలబెడతారు.
నల్లటి మసి రేకులు తీరిగ్గా ఊగుతూ వస్తాయి.
"కిటికీలు!" అని అరుస్తాడు మేస్త్రీ.
తెల్ల కాగితం మీద మసి పడితే
ఆ పుస్తకం ఖరీదు వాళ్ళ కూలిలోంచే.
ఆ ఉక్కలో, మూసిన కిటికీల వెనక
తెరుచుకునే కిటికీలు తయారవుతుంటాయి.

నిరుడు పారేసే కుప్పలోంచి
ఒక పుస్తకం ఇంటికి తెచ్చింది.
మైకోల్‌కు రెండున్నరేళ్ళు.
నాలుక కొస బయటపెట్టి, గోరు దూర్చి
ఒక్కో రెక్కా లేపుతున్నాడు.
ఒకటి, పిట్ట. ఆరు, పిట్ట.
ఏడు
ఎండిన జిగురు మచ్చ.
మూశాడు. తెరిచాడు. మళ్ళీ మూశాడు.
పుస్తకం తిరగేసి వీపు చూశాడు.
అమ్మ అరచేయి విప్పి చూశాడు.
చివరికి, ఉత్తరాలేమీ రాలేదని చెప్పే
పోస్టుమాన్ అంత గంభీరంగా
"లేదు" అన్నాడు.

అప్పట్నుంచీ వాడి లెక్క ఇదే:
అయిదు, ఆరు, లేదు, ఎనిమిది.
మేడమెట్లు ఎక్కుతూ కూడా
ఏడో మెట్టు మీద ఆగి, దాని మీదే నిలబడి,
లేదు అంటాడు.
అమ్మమ్మ దిద్దబోయింది.
వాళ్ళ భాషలో ఏడుకు ఏడుపుతో చుట్టరికం లేదు.
అయినా ఏడ్చాడు.

మొన్న గురువారం పని ముగిశాక
నుబియా పళ్ళెంలో ఒక పిట్ట మిగిలింది.
మిగలకూడదు.
ఎక్కడో ఒక కిటికీ ఖాళీగా మూసుకుంది,
మూడొందల పెట్టెల్లో
ఏ పెట్టెలోనో.
లారీ అప్పటికే గుర్రుమంటోంది.
చెప్పాలి. నోరు తెరిచింది కూడా.
ఏమిటంటూ ఎల్వియా చెవి ఒగ్గింది,
వినపడని చెవి.
"ఏం లేదు" అంది నుబియా.
లారీ రేవు దారి పట్టింది.
మంచు కురిసే ఇంట్లో ఎవరో ఒక పిల్ల
ఏడోసారి వేలు చాపుతుంది.
అంతవరకే ఆలోచించి
పిట్టను జేబులో వేసుకుంది.

"ఇదిగో, దొరికింది నీ పిట్ట!"
జిగురు సీసా మూత తీసింది.
మైకోల్ పిట్టను చూశాడు, కిటికీని చూశాడు.
ఈ రెండిటికీ పొత్తేమిటో వాడికి తోచలేదు.
గబుక్కున రెక్క మూసి
రెండు చేతులూ అడ్డం పెట్టాడు.
అక్కడ లేదు ఉంటుంది.
అది దాని ఇల్లు.

ఆపైన జాలిపడ్డాడేమో,
పిట్టను తీసుకుని
అరెపా ఉన్న పళ్ళెం కింద దాచాడు.
ఎత్తాడు. "ఒకటి."
దించాడు. ఎత్తాడు. "ఒకటి."
బయట మసి రాలుతూనే ఉంది.
"ఒకటి."
పళ్ళెంలో అరెపా చల్లారిపోయింది.